నోటి బేక్టీరియా చక్కెర చొక్కాలు

కిందటేడు వేసవిలో నేను రాసిన నలభై లైన్ల ప్రోగ్రాము ఒకటి, రెండు రకాల బేక్టీరియాని కలిపి ఒకటి చేసేసింది. ప్రయోగశాలలో కాదు లెండి, డేటాబేసులో. అయినా తప్పు తప్పే. ఈ నెల శీర్షికలో ఆ తప్పు గురించీ, దాని వెంట పడి నేను నేర్చుకున్న కాస్త రసాయనశాస్త్రం గురించీ రాస్తాను. నేను చదివింది కంప్యూటర్ సైన్సు. ఇంటర్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పేరు చెబితే పారిపోయిన బాపతు. కాబట్టి నాకు అర్థమైందంటే మీకూ తప్పకుండా అర్థమవుతుంది.

న్యూజెర్సీలో ఒక చిన్న పరిశోధన సంస్థలో ఆరు నెలల కాంట్రాక్టు. వాళ్ళ దగ్గర పాతిక ముప్ఫై ఏళ్ళుగా పోగుపడిన ఫైళ్ళున్నాయి. ఎక్సెల్ షీట్లు, టెక్స్టు ఫైళ్ళు, ఎవరో పాత వ్యాసాల్లోంచి చూసి టైపు చేసిన పట్టికలు. వాటి నిండా బేక్టీరియా ఒంటి మీదుండే చక్కెర గొలుసుల నిర్మాణాలు. అన్నిటినీ శుభ్రం చేసి ఒకే డేటాబేసులోకి ఎక్కించాలి. మనకి ఇది కొట్టినపిండి. ముందు ఆస్కీ కాని అక్షరాలన్నిటినీ తీసిపారేశాను. ఖాళీలు సరిచేశాను. తరవాత అచ్చం ఒకేలా ఉన్న వరసల్ని డూప్లికేట్లని తీసేశాను. శుక్రవారం సాయంత్రానికి పని పూర్తి.

సోమవారం పొద్దున్నే అరవై దాటిన కెమిస్టు ఒకావిడ చేతిలో కాగితంతో నా క్యూబికల్ దగ్గరికి వచ్చింది. "స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లో నాలుగు రకాలుండాలి. సి, ఇ, ఎఫ్, కె. మీ టేబుల్లో మూడే ఉన్నాయి. ఇ ఏమయింది?" అని అడిగింది.

వెతికితే దొరికింది. సి రకానికీ ఇ రకానికీ ఉన్న తేడా అంతా ఒక్క గ్రీకు అక్షరం. ఒకదాని ముందు ఆల్ఫా, రెండోదాని ముందు బీటా. నా ప్రోగ్రాము ఆ రెండు అక్షరాలనీ చెత్త కింద ఊడ్చేసింది. మిగిలిన వరసలు రెండూ ఒకేలా ఉన్నాయి కనక ఒకదాన్ని తుడిచేసింది. వెబ్ పేజీల్లో మన తెలుగంతా డబ్బాలుగా, ప్రశ్నార్థకాలుగా కనిపించిన రోజుల్లో ఆస్కీ దాటి ఆలోచించని ప్రోగ్రామర్లని నోరారా తిట్టినవాణ్ణి నేను. అదే పని నేనే చేశాను.

సిగ్గుపడి, సరిచేసి ఊరుకునేవాణ్ణేమో. కానీ ఆవిడ నోట "మ్యూటన్స్" అన్న మాట వినగానే గుండె గుభేలుమంది. ఆ పేరు నేను వినడం అది రెండోసారి.

నాన్నగారి పన్ను

మొదటిసారి విన్నది మూడేళ్ళ ముందు. నాన్నగారికి చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చింది. దాంతో గుండెలో మైట్రల్ వాల్వు పాడైంది. అరవై దాటాక ఆపరేషన్ చేసి, జంతు కణజాలంతో చేసిన వాల్వు అమర్చారు. బాగానే తిరుగుతున్నారు. ఒక శనివారం ఫోన్లో, "పన్ను ఒకటే సలుపురా" అన్నారు. "పీకించెయ్యండి నాన్నా, ఎందుకు బాధపడటం" అన్నాను. అంతే. రెండు నిమిషాల్లో తేలిపోయిన విషయం.

తెనాలిలో పీకించుకున్నారు. బీపీ ఉందా, షుగరుందా అని అడిగితే లేవన్నారు. వాల్వు సంగతి ఆయన చెప్పలేదు. చెప్పాలని ఆయనకి తెలియదు. నాకూ తోచలేదు. రెండు వారాలకి సాయంత్రంపూట జ్వరం మొదలైంది. టైఫాయిడన్నారు, మందులు మార్చారు. నెల గడిచాక గుండెకి ఎకో తీస్తే కొత్త వాల్వు మీద చిన్న గుబురులాంటిది కనిపించింది. రక్తాన్ని కల్చర్ చేస్తే రిపోర్టులో వచ్చిన పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. ఆరు వారాలు ఆసుపత్రిలో నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. నేను సెలవు పెట్టి పరిగెత్తాను. అమ్మ మంచం పక్కన కూర్చుని అడిగింది, "పంటికీ గుండెకీ సంబంధం ఏమిట్రా?" అని. నా దగ్గర జవాబు లేదు.

పన్ను పీకినందువల్లే వచ్చిందని ఖచ్చితంగా చెప్పలేమన్నారు డాక్టరు. పళ్ళు తోముకున్నా, గట్టిగా నమిలినా కూడా నోటి బేక్టీరియా కాసేపు రక్తంలోకి వెళ్తూనే ఉంటుందిట. మామూలు గుండె అయితే శరీరం వాటిని నిమిషాల్లో తుడిచేస్తుంది. కృత్రిమ వాల్వు ఉంటే అవి దాన్ని పట్టుకుని కాపరం పెట్టే అవకాశం ఎక్కువ.

అందుకే ఆ కెమిస్టుగారిని, "వీటి మధ్య తేడా అంత ముఖ్యమా?" అని అడిగాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కింద రాసేది ఆవిడ దగ్గర మొదలుపెట్టి నేను చదువుకున్నది.

అన్నం, దూది

అన్నంలో పిండి పదార్థం గ్లూకోజ్ గొలుసు. దూది కూడా గ్లూకోజ్ గొలుసే. రెండిట్లోనూ ఒక గ్లూకోజ్‌లోని 1వ కార్బన్ పక్క గ్లూకోజ్‌లోని 4వ కార్బన్‌కి తగులుకుని ఉంటుంది. మరి అన్నం అరుగుతుంది, దూది ఎందుకు అరగదు? బంధం దిశ వేరు. అన్నంలో ఆల్ఫా బంధం, దూదిలో బీటా బంధం. 1వ కార్బన్ దగ్గర కొక్కెం కిందికి తిరిగిందా పైకి తిరిగిందా అన్నదే తేడా. మన జీర్ణరసాలకి ఆల్ఫా తాళంచెవి ఉంది, బీటాది లేదు.

మన భాషలో చెప్పాలంటే డీఎన్ఏ, ప్రోటీన్ రెండూ స్ట్రింగులు. ఒక అక్షరం తరవాత ఇంకో అక్షరం. చక్కెర గొలుసు అలా కాదు, అదొక ట్రీ. కొమ్మలుంటాయి. ఒక్కో ఎడ్జి మీద మూడు సంగతులు రాసుకోవాలి: ఏ కార్బన్ నుంచి, ఏ కార్బన్‌కి, ఆల్ఫానా బీటానా. అందువల్ల లెక్క ఎంత పెరుగుతుందో చూడండి. నాలుగు అక్షరాల డీఎన్ఏతో ఆరు అక్షరాల మాటలు 4096 వస్తాయి. ఇరవై అమైనో ఆమ్లాలతో ఆరేసి పేరిస్తే 6 కోట్ల 40 లక్షలు. మరి ఆరు చక్కెరలతో? 1994లో రోజర్ లెయిన్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు. లక్ష కోట్లకి పైగా!

తమ గుర్తింపు కార్డు రాసుకోవడానికి బేక్టీరియా ఈ లిపినే వాడుకుంటున్నాయి. మన రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ కార్డునే చదువుతాయి. అలా గుర్తుపట్టడానికి వీలిచ్చే పదార్థాన్నే యాంటిజెన్ అంటారు. అది చక్కెర గొలుసైతే పాలిసాకరైడ్ యాంటిజెన్.

ప్రతిరక్షకాలు ఎంత నిశితంగా చదువుతాయో చూపించింది న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థ. మైకేల్ హైడెల్బర్గర్, ఆస్వాల్డ్ ఎవరీ 1923లో న్యుమోనియా బేక్టీరియా రకాన్ని నిర్ణయించేది ప్రోటీన్ కాదనీ, దాని తొడుగులోని చక్కెర పదార్థమనీ చూపించారు. ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదు. 1929లో ఎవరీ, వాల్టర్ గోబెల్ ఇంకో అడుగు వేశారు. ఒకే ప్రోటీన్‌కి ఒకసారి గ్లూకోజ్‌నీ, ఇంకోసారి గలాక్టోజ్‌నీ తగిలించి కుందేళ్ళకి ఎక్కించారు. ఆ రెండు చక్కెరలకీ తేడా 4వ కార్బన్ మీది గుంపు పైకుందా కిందికుందా అన్నదే. కుందేళ్ళ ప్రతిరక్షకాలు దాన్ని పట్టేశాయి. 1932లో ఆల్ఫా గ్లూకోజ్‌కీ బీటా గ్లూకోజ్‌కీ తేడా కూడా ప్రతిరక్షకాలకి తెలుస్తుందని అదే బృందం తేల్చింది. కుందేలు 1932లో పట్టుకున్న తేడాని నా ప్రోగ్రాము డూప్లికేటనుకుంది.

ఒకే వెన్నెముక, వేరువేరు కొమ్మలు

ఇక మ్యూటన్స్ దగ్గరికి వద్దాం. పుచ్చిన పళ్ళలోంచి దీన్ని 1924లో లండన్లో క్లార్క్ అనే ఆయన వేరుచేశాడు. గుండ్రంగా ఉండాల్సింది కోలగా కనిపించేసరికి, మార్పు చెందిన స్ట్రెప్టోకాకస్ అనుకుని ఆ పేరు పెట్టాడు. 1970లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రాట్‌హాల్ ప్రతిరక్షకాలతో పరీక్షించి వీటిని ఎ నుంచి ఇ వరకు అయిదు రకాలుగా విడదీశాడు. తరవాత మరికొన్ని అక్షరాలు చేరాయి. ఇంకా తరవాత, వీటిలో కొన్ని అసలు వేరే జాతులని తేలి బయటికి పోయాయి. చివరికి మ్యూటన్స్ పేరు మీద మిగిలినవి సి, ఇ, ఎఫ్, తరవాత వచ్చిన కె. ఎ, బి, డి ఏమయ్యాయని అడగకండి. పాత వెర్షన్ నంబర్లు మన ప్రాజెక్టుల్లోనూ అలాగే మిగిలిపోతాయి కదా.

ఈ నాలుగింటి గోడకీ అతుక్కుని ఒక పొడుగాటి చక్కెర గొలుసు ఉంటుంది. వెన్నెముక అంతా రామ్నోజ్ అనే చక్కెర. ఒక బంధం 2వ కార్బన్‌కి, తరవాతది 3వ కార్బన్‌కి, మళ్ళీ 2, మళ్ళీ 3. చీరంచు డిజైన్ లాగా అదే వరస. ఆ వెన్నెముక నుంచి పక్కకి కొమ్మల్లా గ్లూకోజ్ అణువులు వేలాడుతుంటాయి. ఆ గ్లూకోజ్ ఎలా తగులుకుందన్నదే రకాన్ని నిర్ణయిస్తుంది.

సి రకంలో గ్లూకోజ్ ఆల్ఫా బంధంతో రామ్నోజ్ 2వ కార్బన్‌కి తగులుకుంటుంది. ఇ రకంలో అదే 2వ కార్బన్, కానీ బీటా బంధం. ఎఫ్ రకంలో ఆల్ఫా బంధమే, కానీ 3వ కార్బన్‌కి. చక్కెరలు అవే, వెన్నెముక అదే. మన నోళ్ళలో దొరికే మ్యూటన్స్ లో సుమారు 70 నుంచి 80 శాతం సి రకం, 20 శాతం దాకా ఇ రకం, మిగిలిన రెండూ అరుదు.

కె రకం కథ వేరు. 2004లో జపాన్లో ఒసాకా పరిశోధకులు, గుండె వాల్వుకి ఇన్ఫెక్షన్ వచ్చిన రోగి రక్తంలోంచి తీసిన మ్యూటన్స్ ని పరీక్షిస్తే అది సి, ఇ, ఎఫ్ ప్రతిరక్షకాల్లో దేనికీ చిక్కలేదు. కారణం, పక్క కొమ్మల మీద గ్లూకోజ్ బాగా తగ్గిపోయింది. గుండీలు తెంపేసిన చొక్కా అన్నమాట. గుండీలు చూసి గుర్తుపట్టే పోలీసుకి ఇది దొరకదు. తెల్ల రక్తకణాలు కూడా కె రకాన్ని మిగతావాటికంటే తక్కువగా మింగుతాయని తేలింది. నోట్లో అరుదుగా కనిపించే రకం రక్తంలో ఎలా నిలదొక్కుకుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. నాన్నగారి రక్తంలో దొరికింది ఏ రకమో నాకు తెలియదు. మామూలు ఆసుపత్రి లేబులు అంత లోతుకి వెళ్ళవు, మందు ఇవ్వడానికి ఆ అవసరమూ లేదు.

ఒక్క జాగ్రత్త. మనం చక్కెర తిన్నప్పుడు మ్యూటన్స్ పంటి మీద జిగురులాంటి పాచి కడుతుంది. అది ఇంకో రకం గొలుసు, పూర్తిగా గ్లూకోజ్‌తో చేసింది. మనం తినే పంచదారని కోసి, దాంట్లోని గ్లూకోజ్‌ని అల్లి బయట పరుచుకుంటుంది. అది ఇంటి ముందు వేసుకునే అరుగు. పైన చెప్పిన రామ్నోజ్ గొలుసు ఒంటి మీది చొక్కా. రెండూ ఒకటి కావు.

జ్వరానికీ అదే గొలుసు

ఇక్కడ నేను చదవడం ఆపి, లేచి కాఫీ పెట్టుకున్న చోటు చెబుతాను.

1933లో అదే రాక్‌ఫెల్లర్ సంస్థలో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త స్ట్రెప్టోకాకస్‌లని పలచని ఆమ్లంలో మరిగించి, వచ్చిన చక్కెర పదార్థాన్ని బట్టి ఎ, బి, సి గ్రూపులుగా విడగొట్టింది. ఇవి మ్యూటన్స్ రకాల అక్షరాలు కావు, వేరే వరస. ఇప్పటికీ గొంతు నొప్పితో వెళ్తే చేసే "స్ట్రెప్ టెస్టు" వెతికేది ఆ గ్రూప్ ఎ చక్కెరనే. పిల్లలకి రుమాటిక్ జ్వరం తెచ్చేది ఆ గ్రూప్ ఎ బేక్టీరియానే.

దాని గొలుసు ఎలా ఉంటుందంటారా? వెన్నెముక అంతా రామ్నోజ్. ఒక బంధం 2కి, తరవాతది 3కి. అవును, మ్యూటన్స్ వెన్నెముకే. తేడా కొమ్మలో ఉంది. గ్లూకోజ్ బదులు దాని దగ్గర చుట్టం ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్, బీటా బంధంతో 3వ కార్బన్‌కి. ఆ కొమ్మని గుర్తుపట్టే ప్రతిరక్షకాల్లో కొన్ని పొరపాటున గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌కి కూడా అతుక్కుంటాయని పరిశోధకులు చూపించారు. రుమాటిక్ జ్వరంలో శరీరం తన వాల్వుల మీద తనే దాడి చెయ్యడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

అంటే నాన్నగారి మొదటి వాల్వుని పాడుచేసిన బేక్టీరియా, రెండో వాల్వు మీదికి వచ్చిన బేక్టీరియా, యాభై ఏళ్ళ తేడాతో వచ్చిన ఈ రెండూ ఒకే బట్టతో కుట్టిన చొక్కాలు తొడుక్కున్నాయి. అమ్మ అడిగిన ప్రశ్నకి ఇది పూర్తి జవాబు కాదు. కానీ నాకు మొదటిసారి ఆ జబ్బుకి ఒక ఆకారం కనిపించింది.

రామ్నోజ్‌ని మన శరీరం తయారుచెయ్యదు. అందుకే దాన్ని తయారుచేసే బేక్టీరియా యంత్రాంగాన్ని అడ్డుకునే మందుల కోసం, ఈ గొలుసు ఆధారంగా టీకాల కోసం పరిశోధనలు సాగుతున్నాయి. కొమ్మ కోసేసిన గొలుసు వాడితే గుండెకి చుట్టరికం లేని టీకా చెయ్యొచ్చా అన్నది వాటిలో ఒక ఆలోచన.

ఆ బొమ్మ ఎలా గీస్తారు?

కంటికి కనపడని గొలుసులో కొక్కెం ఎటు తిరిగిందో ఎలా చెబుతారని నేనూ అడిగాను. ముందు ఆమ్లంతో గొలుసుని ముక్కలు చేసి ఏ చక్కెరలు ఎంతెంత ఉన్నాయో లెక్కపెడతారు. ఖాళీగా ఉన్న చోట్లకి మిథైల్ గుంపులు తగిలించి, ఆ తరవాత విరగ్గొడితే ఏ కార్బన్ల దగ్గర బంధాలుండేవో తెలుస్తుంది. చివరికి ఎన్ఎంఆర్. గ్లూకోజ్ 1వ కార్బన్ మీది హైడ్రోజన్ ఇచ్చే సంకేతం రెండుగా చీలుతుంది. ఆ చీలిక 3, 4 హెర్ట్జ్ ఉంటే ఆల్ఫా, 7, 8 హెర్ట్జ్ ఉంటే బీటా. ఒకరు ఏళ్ళ తరబడి బేక్టీరియాని పెంచి, గొలుసు వేరుచేసి, ఆ నాలుగు హెర్ట్జ్ తేడా కొలిచి, కాగితం మీద ఒక్క అక్షరం రాస్తారు. దాన్ని ఊడ్చెయ్యడానికి నాకు ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ సరిపోయింది.

ఇలాంటి నిర్మాణాలు దాచిపెట్టే డేటాబేసులకీ కష్టాల చరిత్ర ఉంది. జార్జియా విశ్వవిద్యాలయంలో మొదలైన కార్బ్‌బ్యాంక్ 1990లలో నిధుల్లేక ఆగిపోయింది. తరవాత రకరకాల ఫార్మాట్లు పుట్టాయి. 2015లో జపాన్ నుంచి గ్లైటూకాన్ వచ్చాక ప్రతి నిర్మాణానికీ ఒక నంబరిచ్చే ఏర్పాటు జరిగింది.

స్కీమా పూర్తయిందని మురిసిపోయేవాళ్ళకి ఇంకో కథ. లాన్స్‌ఫీల్డ్ గ్రూప్ ఎ గొలుసు బొమ్మ పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా ఉంది. 2019లో పరిశోధకులు దాని కొమ్మల మీద కొన్నిచోట్ల గ్లిసరాల్ ఫాస్ఫేట్ అనే గుంపు ఉందని కనిపెట్టారు. మ్యూటన్స్ గొలుసుకీ అలాంటి అలంకారం ఉందని తేలింది. 1933 నుంచి లెక్కేస్తే 86 ఏళ్ళు. నా టేబుల్లో దానికి కాలమ్ లేదు.

చివరికి

మొత్తం తిరగరాశాను. ఇప్పుడు ప్రతి బంధానికీ ఒక వరస ఉంది. అందులో ఏ చక్కెర, ఏ కార్బన్ నుంచి, ఏ కార్బన్‌కి, ఆల్ఫానా బీటానా అన్నీ వేరువేరు కాలమ్స్. దిశ తెలియకపోతే "తెలియదు" అనే విలువ ఉంది కానీ ఖాళీ వదలడానికి వీల్లేదు. మొట్టమొదటి టెస్టు, సి రకం ఇ రకానికి సమానం కాకూడదు. కెమిస్టుగారు చూసి తల ఊపింది. ఆవిడ దగ్గర అదే పెద్ద మెచ్చుకోలు.

డేటా సంగతలా ఉంచి, ఇంటి సంగతి ఒకటి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో పంటి పనికి ముందు యాంటీబయాటిక్ వాడాల్సినవాళ్ళ జాబితాని బాగా కుదించింది. 2021లో మళ్ళీ చూసి అదే ఖాయం చేసింది. ఆ కుదించిన జాబితాలో కూడా కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళున్నారు, ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం అన్నది గుండె డాక్టరు చెప్పాల్సిన మాట. మనం చెయ్యాల్సింది ఆ సంగతి పళ్ళ డాక్టరు చెవిన పడేలా చూడటం. ఆ ఒక్క ముక్కా మా ఇంట్లో అందరం వదిలేశాం. ఫోన్లో "పీకించెయ్యండి" అన్న నేను అందరికంటే ముందు.

నాన్నగారు ఇప్పుడు బాగున్నారు. చొక్కా జేబులో, బస్సు పాసు పక్కన ఒక కార్డు ఉంటుంది. "నాకు గుండెలో కృత్రిమ వాల్వు ఉంది. ఒకసారి దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది" అని తెలుగులో నేనే రాసి, లామినేట్ చేయించి ఇచ్చాను. పళ్ళ డాక్టరుకే కాదు, మంగలి షాపులో కూడా చూపిస్తున్నారని అమ్మ నవ్వుతోంది.

ఈ శనివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ ఒకసారి అడగండి. పళ్ళెలా ఉన్నాయో అడగండి, గుండె సంగతి పళ్ళ డాక్టరుకి చెప్పారో లేదో కూడా అడగండి.